సముద్రమునకు తగిలిన పులుపు – ఆల్చిప్పల రైతులు నేర్పిన పాఠము

తాంబూలములో రాచుకొను సున్నము ఎచ్చటినుండి వచ్చుచున్నదని మనలో అనేకులు ఎన్నడును ఆలోచించి యుండరు. పులికాటు సరస్సు ప్రాంతమునను, సముద్రపు టొడ్డున గల ఇతర గ్రామములలోను గుల్లలను ప్రోగుచేసి, బట్టీలలో కాల్చి, నీరు చల్లి, గుల్లసున్నము చేయుట పూర్వమునుండి వచ్చుచున్న వృత్తి. ఆ గుల్ల ఒక నత్తయో, శంఖపు పురుగో, ఆల్చిప్పయో నీటిలో కరగియున్న సున్నపు పాలును అణువణువుగా కూడబెట్టి కట్టుకొన్న యిల్లు. రైతు గింజ గింజ ఏరి గాదె నింపుకొనునట్లే, ఆ చిన్న ప్రాణియు తన జీవితకాల మంతయు కూడబెట్టుచునే యుండును.

సభ్యులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఒక గుల్లముక్కపై నిమ్మరసము పిండిన యెడల వెంటనే నురుగు పొంగును. పులుపు సున్నమును తినుచున్న దన్నమాట. ఇప్పుడు లోకమందలి సముద్రముల కన్నిటికిని ఇట్టి పులుపు కొంచెము కొంచెముగా తగులుచున్నది. నిమ్మరసమంత తీవ్రముగా గాదు. నాలుకకు తెలియనంత స్వల్పముగా. కాని నాలుకకు తెలియనిది లేత ప్రాణికి తెలియుచున్నది.

ఈ సంగతి జాలరులకు చెప్పవలసినదే గాని, దుక్కి దున్నుకొనువారి పత్రికలో దీని కేమి పని యని కొందఱు అడుగవచ్చును. నా యభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదను. సముద్రమున చిప్పలను సాగుచేయువారును మనవంటి రైతులే. వారికి వచ్చిన కష్టమును, దానిని వారు కనుగొన్న విధమును, కలిసి నిలిచి కొంతవఱకు తప్పించుకొన్న విధమును తెలిసికొనుట మన సంఘములకు మిగుల నుపయోగకరము. అంతేగాక, మన పొలములనుండి పాఱిపోవు నీటికిని ఆ పులుపునకును కొంత సంబంధము కలదు. కావున ఇది పరుల గొడవ కాదు.

మొదట కారణమును విచారింతము. బొగ్గు, కిరసనాయిలు, పెట్రోలు మొదలగువానిని కాల్చినప్పుడు బొగ్గుపులుసు గాలి పుట్టును. యంత్రములు రాకపూర్వము గాలిలో పదిలక్షల పాళ్లకు ఈ వాయువు సుమారు 280 పాళ్లు మాత్రమే యుండెడిది. 1958వ సంవత్సరమున చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలోని మౌనాలోవా కొండపై దీనిని విడువక కొలుచుట ప్రారంభించెను. అప్పటికి అది సుమారు 315 పాళ్లు. నేడు 420 పాళ్లను దాటినది. మనుష్యులు గాలిలోనికి వదలుచున్న ఈ వాయువులో ఇంచుమించు నాలుగవ వంతు సముద్రము పీల్చుకొనుచున్నది. సముద్రము ఆ మేలు చేయకుండినచో భూమి ఇంకను వేడెక్కి యుండెడిది. కాని ఆ మేలునకు సముద్రమే వెల చెల్లించుచున్నది.

గోలీసోడా త్రాగినవారందఱు ఈ వెలను నాలుకతో రుచి చూచినవారే. సోడానీటిలో నింపునది ఈ బొగ్గుపులుసు గాలియే. మంచినీటి కది తగిలినంతనే నీరు కొంచెము పులుపెక్కును. సముద్రపు నీటికిని అట్లే జరుగును. రొయ్యల చెరువులు గల సభ్యులు నీటి పి.హెచ్. అను కొలత నెఱుగుదురు. 7 సమము; అంతకు తక్కువైన పులుపు, అంతకు ఎక్కువైన క్షారము. సముద్రపు పైనీరు పూర్వము సుమారు 8.2 ఉండగా ఇప్పుడు సుమారు 8.1కి దిగినది. అనగా సముద్రము నేటికిని క్షారజలమే. పుల్లని నీరుగా మారిపోయినదని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. అయినను ఒక్క దశాంశము దిగుటయే గదా యని తేలికగా చూడరాదు. ఈ కొలతలో ఒక పూర్తి అంకె దిగినచో పులుపు పదిరెట్లు పెరిగిన ట్లగును. ఈ ఒక్క దశాంశపు దిగుదలచే నీటిలోని పులుపుకణములు నూటికి 25 మొదలు 30 వంతులు పెరిగినవి.

దీనివలన గుల్లకు కీడేమి? గుల్ల కట్టుటకు రెండు సరకులు కావలెను: ఒకటి కాల్షియము, రెండవది కార్బొనేటు. ఇవి రెండును కలిసిననే గుల్ల. సముద్రమున కాల్షియమునకు లోటు లేదు. కాని పులుపుకణములు పెరిగినకొలది అవి కార్బొనేటును పట్టుకొని బైకార్బొనేటుగా మార్చివేయును. ఆ రూపములో అది గోడ కట్టుటకు అక్కఱకు రాదు. ఇటుకలు కుప్పలుగా ఉన్నను, అడుసును పొరుగువాడు ఎత్తుకొనిపోయినచో మేస్త్రి యేమి చేయగలడు? గుల్లజీవుల గతియు అట్లే యున్నది. అవి గోడ కట్టలేక కాదు. అంతే గోడకు మునుపటికంటె ఎక్కువ కష్టపడవలసి వచ్చుచున్నది. లోటు మరీ ఎక్కువైనచో కట్టిన గోడయు కరగజొచ్చును.

ఇక జరిగిన కథ. అమెరికా దేశపు పడమటి తీరమున ఆరెగాన్ రాష్ట్రములో నెటార్ట్స్ అను చిన్న అఖాతము కలదు. దాని యొడ్డున విస్కీ క్రీక్ అను హేచరిలో ఆల్చిప్పపిల్లలను పుట్టించి, ఆ తీరమున చిప్పలు సాగుచేయు రైతులకు అమ్ముదురు. అచ్చట సాగగు ముఖ్యజాతి జపానునుండి తెచ్చినది. ఆ చల్లని నీటిలో అది కొన్ని చోట్ల తప్ప తనంతట పిల్లలను పెట్టి వృద్ధిపొందదు. కావున హేచరి పిల్లలే వారికి విత్తనము. తనంతట పిల్లలు పుట్టు కొలది చోట్లలో ముఖ్యమైన వాషింగ్టన్ రాష్ట్రపు విల్లాపా అఖాతమునను 2005 మొదలుకొని వరుసగా కొన్ని యేండ్లు పిల్లలు నిలువలేదు. అట్టి సమయమున, 2007వ సంవత్సరమున, హేచరి తొట్లలోను పిల్లలు చచ్చుట ప్రారంభమాయెను. కోట్లకొలది పిల్లలు కొన్ని దినములలోనే అడుగునకు దిగిపోయెను. విత్తనము లేనిదే సేద్యము లేదు గదా! తీరమందలి రైతులకు గుండె జారిపోయెను.

మొదట వారు, మనమందఱము చేయునట్లే, తెగులును అనుమానించిరి. నీటిలో ఒక హానికర సూక్ష్మజీవి కనబడుటచే దానిపైననే దోషము మోపిరి. ధనము వ్యయించి నీటిని శుద్ధిచేయు యంత్రములు పెట్టిరి. సూక్ష్మజీవి తగ్గెను, చావులు తగ్గలేదు. 2008లోను అదే గతి పట్టెను. రోగ మొకటి, మం దొకటి యను సామెత వారియందు రుజువాయెను.

అప్పుడు హేచరివారు ఒక విశేషమును గమనించిరి. వేసవిలో ఉత్తరపు గాలి గట్టిగా వీచిన దినముల వెంటనే పిల్లలు చచ్చుచుండెను. ఆ గాలి తీరపు పైనీటిని లోపలికి నెట్టివేయగా, దాని స్థానమునకు సముద్రపు లోతులనుండి చల్లని నీరు పైకి వచ్చును. పైనుండి రాలి కుళ్లిన జీవపదార్థమువలన లోతునీటిలో బొగ్గుపులుసు గాలి సహజముగనే అధికము. దానిపై, ఆ నీరు కొన్ని దశాబ్దముల క్రిందట పైన నున్నప్పుడు పీల్చుకొన్న పొగల పాలును చేరినది. 2007లోనే రిచర్డ్ ఫీలీ మొదలగు సముద్ర శాస్త్రజ్ఞులు ఓడపై తీరము వెంబడి నీటిని పరీక్షించి, గుల్లను కరగించు నీరు తీరపు దరివఱకు వచ్చుచున్నదని కనుగొని, 2008లో ప్రకటించిరి. ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు హేచరివారితో కలిసి 2009 వేసవిలో తొట్టిలోనికి వచ్చు నీటిని కొలిచిరి. పిల్లలు పుట్టిన సమయమున నీరు ఎంత పులుపుగా నుండెనో, తరువాత వాని పెరుగుదల అంత తక్కువగా నుండెనని తేలెను. 2012లో ఈ ఫలితములు ప్రకటితములాయెను.

పుట్టిన సమయమే ఏల ముఖ్యము? రైతులకిది సులభముగ బోధపడును. మొలకెత్తు గింజ వేరు పాఱి ఆకు వేయువఱకు తనలోని పప్పునే తిని బ్రతుకును. పైన నేల గట్టిగా బిగిసియుండినచో, దానిని చీల్చుకొని వచ్చులోపలనే పప్పు అయిపోయి మొలక చచ్చును. ఆల్చిప్పపిల్లయు పుట్టిన రెండు దినములలోపల, గ్రుడ్డులో తల్లి పెట్టిన నిలువనే తినుచు తన తొలి గుల్లను కట్టుకొనవలెను. ఆ గుల్ల సిద్ధమైన పిమ్మటనే అది మేత మేయనేర్చును. నీరు పులుపైనచో గోడ కట్టుటకే నిలువంతయు వ్యయమైపోవును. మేత మేయు దశ రాకముందే ప్రాణము పోవును. మఱియు ఆ లేతగుల్ల ఆరగొనైటు అను సులభముగా కరగు సున్నపు రూపము. పెద్దదైన పిమ్మట అది కట్టుకొను గుల్ల అంతకంటె గట్టిది. కావున పెద్ద చిప్పలు చెక్కుచెదరకుండినను, సంతానము లేక వంశము నశింపవచ్చును. చెట్టు పచ్చగా నుండి పిందె నిలువని తోటను చూచినవారికి ఆ దుఃఖము తెలియును.

కారణము తెలిసినపిమ్మట ఉపాయము దొరకెను. పగటియెండలో అఖాతమందలి గడ్డియు నాచును బొగ్గుపులుసు గాలిని తినుటచే సాయంకాలపు నీరు ఉదయపు నీటికంటె మేలుగా నుండును. కాబట్టి తొట్లను మధ్యాహ్నము దాటిన పిమ్మట నింప నారంభించిరి. నీటిని నిరంతరము కొలుచుచు, అవసరమైనపుడు చాకలి సోడాను కరగించి కలిపిరి. సోడా పులుపును విఱిచి, గుల్లకు కావలసిన కార్బొనేటును తిరిగి సమకూర్చును. పోయిన పంటలో పెక్కుభాగము మరల చేతికి వచ్చెను. హేచరీలయొద్ద పెట్టిన కొలత పరికరముల అంకెలను తీరమందలి రైతులందఱకును కనబడునట్లు చేసిరి. వాషింగ్టన్ రాష్ట్రపు గవర్నరు క్రిస్టీన్ గ్రెగోయిర్ చిప్పల రైతులను, శాస్త్రజ్ఞులను, తీరమందలి ఆదివాసులను కూర్చి ఒక సంఘమును నియమింపగా, అది 2012లో తన సిఫారసులను ప్రకటించెను.

ఇట్లు చెప్పుటచే ఆపద తీరిపోయినదని తలంపరాదు. తొట్టికి సోడా కలుపగలము గాని సముద్రమునకు కలుపలేము. హేచరి తలుపు దాటిన జీవులకు రక్షకు డెవడు? ఆ తీరముననే సముద్రపు సీతాకోకచిలుక యని పిలువబడు చిన్న నత్త యొకటి నీటిలో తేలుచుండును. సాల్మను మొదలగు చేపలకది ఆహారము. 2011లో పట్టి పరీక్షించిన వానిలో, తీరపు దరి నున్న వానికి సగముకంటె ఎక్కువ భాగమున గుల్లలు తీవ్రముగా కరగియుండెనని 2014లో ప్రకటించిరి. మేత పోయిన చేప పోవును. చేప పోయిన జాలరి పోవును.

అయితే ఉన్నదానిని ఉన్నట్లుగా చెప్పవలెను గాని భయపెట్టరాదు. గుల్ల గల ప్రాణులన్నియు ఒక్క తీరున నష్టపడవు. 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు 18 జాతులను పులుపు హెచ్చించిన నీటిలో పెంచి చూడగా, 10 జాతులలో గుల్ల కట్టుట తగ్గెను. 7 జాతులు మునుపటికంటె ఎక్కువగానే కట్టెను. ఒకదానియందు మార్పు కనబడలేదు. ఎక్కువగా కట్టినవానిలో పీతలును రొయ్యలును గలవు. కావున మన రొయ్యల పెంకు రేపే కరగిపోవునని నేను చెప్పను. ఆరెగాన్ తీరమున జరిగినది జరిగినట్లే మన తీరమున జరుగునని కూడ చెప్పను. అచ్చటి చల్లని లోతునీరు వేరు. గోదావరి, కృష్ణ, గంగానదుల మంచినీరు కలియు మన బంగాళాఖాతము వేరు. కాని పైనున్న గాలి యొక్కటే; ఆ గాలిలోని బొగ్గుపులుసు ఎల్ల సముద్రములకును పంచబడుచున్నది. మన తీరపు హేచరీలును సముద్రపు నీటినే తోడుకొనుచున్నవి. ఆ నీటి గుణమును గూర్చి అజాగ్రత్తగా నుండుటకు మనకు హక్కు లేదు.

ఇక మనము నేర్వవలసిన పాఠములు. మొదటిది, కొలువక నిందింపరాదు. ఆ హేచరివారు తెగులని తలంచి రెండేండ్లు పోగొట్టుకొనిరి. మనలో పైరు వాడినంతనే పురుగుమందు దుకాణమునకు పరుగెత్తువారు, పిల్ల చచ్చినంతనే విత్తనము అమ్మినవానిపై తగవునకు పోవువారు ఎంద ఱున్నారో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను. నేలను, నీటిని ముందు పరీక్షింపుడు. పిమ్మట కారణమును నిర్ణయింపుడు.

రెండవది, కొలత యొక్కని సొత్తుగా నుండరాదు. ఒక రైతు తన చెరువు నీటిని కొలిచి పుస్తకము పెట్టెలో దాచుకొనినచో అది ఆతనికే యుపయోగము, అదియు కొంతవఱకే. పదిమంది అంకెలు ఒకచోట చేరినపుడే గాలివాటమునకును చావులకును గల సంబంధము బయటపడును. సంఘమునకు అప్పుల ఖాతా యున్నట్లే నీటి ఖాతాయు ఉండవలెనని నా మనవి. చెరువులు గల సభ్యులు తమ నీటి పి.హెచ్. ను, క్షారత్వమును, వాన గాలుల వివరములను తేదీలతో వ్రాసి సంఘమునకు పంపవలెను. కార్యదర్శి వానిని నెలకొకసారి సభ్యులకు చదివి వినిపింపవలెను. దీనికి పెద్ద వ్యయము లేదు. ఓపిక మాత్రము కావలెను. హైదరాబాదునందు 1999లో స్థాపింపబడిన సముద్ర సమాచార కేంద్రము చేపలు దొరకు తావులను జాలరులకు తెలుపుచున్నది. అట్లే తీరపు నీటి పులుపును గూర్చిన కొలతలును మన భాషలో మన సంఘములకు క్రమముగా చేరునట్లు చేయవలెనని తీర్మానములు చేసి పంపుట మంచిది.

మూడవది మనలను నేరుగా తాకునది. అవసరమునకు మించి చల్లిన యూరియాలోని నత్రజని వాననీటితో కాలువలకు, కాలువలనుండి సముద్రమునకు చేరును. అచ్చట నాచు విపరీతముగా పెరిగి, చచ్చి, కుళ్లును. కుళ్లినపుడు నీటిలోని ఆమ్లజని తఱిగి బొగ్గుపులుసు గాలి పెరుగును. అనగా ఆకాశమునుండి వచ్చు పులుపునకు పొలమునుండి వచ్చు పులుపు తోడగుచున్నది. పైన చెప్పిన 2012వ సంవత్సరపు సిఫారసులలోను నేలనుండి దిగు ఇట్టి మలినములను తగ్గింపవలెనని యుండెను. నేలపరీక్ష చేయించి తగిన మోతాదులో, ఒక్కసారి గాక విడతలుగా, వాన రాబోవు దినము గాక వెలిసిన దినమున ఎరువు వేసినయెడల సముద్రమునకు మేలు. అంతకంటె ముందు మన సంచికి మేలు. కొట్టుకొనిపోయిన యూరియా మనము వెలపెట్టి కొన్నదే గదా!

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. "పెద్ద పెద్ద కర్మాగారములు, విద్యుత్తు నిలయములు, లక్షలకొలది మోటారుబండ్లు పొగ కక్కుచుండగా, రెండెకరముల రైతునకు ఈ నీతులేల?" అని. ఆక్షేపణ న్యాయమైనదే. ఈ పాపములో మన వాటా స్వల్పము. ధనిక దేశముల వాటా, పెద్ద పరిశ్రమల వాటా మిక్కిలి అధికము. ఎక్కువ పొగ వదలినవారు ఎక్కువ బాధ్యత వహింపవలెనని మనము గట్టిగా అడుగవలసినదే. బొగ్గు కాల్చుట తగ్గిననే గాని సముద్రపు పులుపు ఆగదు. తక్కిన ఉపాయములన్నియు కాలము గడపుటకే. కాని అడుగువాని చేయి శుభ్రముగా నుండినచో మాటకు బలము హెచ్చును. మఱియు, చిన్న వాటాలకు విలువ లేదనుట సహకారులకు తగదు. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినపుడు, వడ్డీవ్యాపారి ముందర ఒక్కొక్క రైతు వాటాధన మెంత? ఆ చిన్న వాటాలు కూడియే గదా సంఘములు నిలిచినవి!

గుల్లపురుగునకు చేతులు లేవు, మాట లేదు, సంఘము లేదు. నీటిలో దొరకిన దానితో ఇల్లు కట్టుకొనుట తప్ప దాని కేమియు తెలియదు. ఆ నీటిని మార్చినవారము మనుష్యులము. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వ నారంభింపక, ఇప్పుడే కొలుచుటకును, కొలిచిన దానిని పంచుకొనుటకును, వృథాను తగ్గించుటకును మన సంఘములు పూనుకొనవలెను. వచ్చు సర్వసభ్య సమావేశమున నీటి ఖాతా విషయమును చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గములవారిని, రైతు సోదరులను, సోదరీమణులను సవినయముగా వేడుచున్నాను.